ఎత్తుకునేవారు, అందుకునేవారు



ఆదివారం ఆరాధనలో పాటలు నడిపించేవారికి ముందుగా ఒక మాట. పాట ఎత్తుకునే ముందు పల్లవిని చూడకండి, చరణాన్ని చూడండి. చరణంలో ఆ పాట ఎంత పైకి పోతుందో చూసి, ఆ పైమెట్టు సంఘంలోని మామూలు గొంతుకి అందేలా శృతి పెట్టండి. మన కీర్తనల్లో చాలావాటికి పల్లవి మధ్యస్థాయిలో నింపాదిగా నడుస్తుంది. దాన్ని నమ్ముకుని, మనకి కులాసాగా ఉండే నాలుగు శృతిలోనో నాలుగున్నరలోనో ఎత్తుకుంటాం. పల్లవి హాయిగా సాగుతుంది. చరణం మూడో పాదానికి వచ్చేసరికి పాట తారస్థాయి గాంధారాన్ని తాకుతుంది. వెనక వరసల్లో ఒక్కొక్క గొంతే ఆగిపోతుంది. కొందరు కింది స్థాయికి జారుకుంటారు, కొందరు పుస్తకం వంక చూస్తూ పెదవులు మాత్రం కదుపుతారు. మైకులో నాయకుడి గొంతొక్కటే మిగులుతుంది. ఆయన కళ్లు మూసుకుని పాడుతున్నాడు కాబట్టి ఆ సంగతి ఆయనకి తెలియదు.

కచేరీలో గాయకుడు ఒకటి శృతిలో పాడితే గాయని ఐదు, ఐదున్నరలో పాడుకుంటుంది. ఎవరి గొంతుకి తగ్గది వారిది. చర్చిలో ఆ వీలు లేదు. మగవాళ్లూ ఆడవాళ్లూ ఒకే శృతిలో, ఆడవాళ్లు ఒక స్థాయి పైన పాడాలి. పాట మధ్య షడ్జానికీ తార షడ్జానికీ మధ్య తిరిగేదైతే ఒకటి, ఒకటిన్నర, మహా అయితే రెండు శృతి అందరికీ సరిపోతుంది. తార గాంధారం దాకా ఎక్కేదైతే ఒకటి నుంచి ఇంకో రెండు మెట్లు దించి, కింది ఆరున్నరకి తేవాలి. నాయకుడికి పల్లవి దగ్గర కాస్త గొంతు అడుగంటినట్టు ఉంటుంది. ఉండనివ్వండి. పొద్దున్నే జరిగే మొదటి ఆరాధన అయితే ఇంకో మెట్టు దించినా తప్పు లేదు, ఆ వేళకి ఎవరి గొంతూ పూర్తిగా తెరుచుకోదు.

దీనికి తిరగేసి కూడా ఉంది. నాదనామక్రియ, పున్నాగవరాళి లాంటి రాగాలు తార షడ్జం వైపు పోనే పోవు, నిషాదం దగ్గరే ఆగి వెనక్కి తిరుగుతాయి. సంగీతజ్ఞులు వీటిని మధ్యమ శృతిలో పాడేది అందుకే. అలాంటి వరసని ఒకటి శృతిలో ఎత్తుకుంటే జనం గొణుగుతున్నట్టు ఉంటుంది, నాలుగుకి తీసుకుపోతే ఒక్కసారి గొంతులు విప్పుకుంటాయి. కాబట్టి అన్ని పాటలకీ ఒకే శృతి అని కీబోర్డు మీద మీట నొక్కి వదిలేసేవారితో నాకు పేచీ ఉంది.

ఇంతసేపు శృతి గురించే మాట్లాడాను. నాయకుడు సంఘం కోసం పాడుతున్నాడా, సంఘం చేత పాడిస్తున్నాడా అన్నది మొట్టమొదట అక్కడే తేలిపోతుంది మరి.

పాట నడిపించే పని ఎంత పాతదో తెలియాలంటే బైబిలులో కీర్తనల గ్రంథం తెరిచి చూడండి. 150 కీర్తనలు. వాటిలో 55 కీర్తనల తలమీద ప్రధానగాయకుణ్ణి ఉద్దేశించిన సూచన ఉంటుంది. కొన్నిచోట్ల ఆ వెంటనే తంతివాద్యాలతో పాడమనో, ఫలానా వరస మీద పాడమనో కూడా ఉంటుంది. 22వ కీర్తన పైన ఒక వరస పేరు అలాగే ఉండిపోయింది. ఆ వరస ఎలా ఉండేదో ఇవాళ ఎవరికీ తెలియదు, పేరు మాత్రం మిగిలింది. మనలో చాలామంది ఆ చిన్నక్షరాలని దాటేసి మొదటి వచనానికి పోతాం. నాకు మాత్రం అవి చాలా ఇష్టం. దేవునితో చెప్పుకున్న మాటల పైన పాట నడిపించే మనిషికి రాసిన చీటీ అది. యెరూషలేము ఆలయంలో ఈ పనికి మనుషులు ఉండేవారు. దినవృత్తాంతాల మొదటి గ్రంథం 15వ అధ్యాయంలో కెనన్యా అనే లేవీయుడి ప్రస్తావన వస్తుంది. ఆయనకి పాట బాగా తెలుసు కాబట్టి పాట నేర్పే పని ఆయనకి అప్పగించారు. నేర్పే పని అన్నది గమనించండి.

మన తెలుగు సంఘాల ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలోనూ ఆ చీటీ ఉంది. పాట పైన రాగం పేరు, తాళం పేరు. ఆనందభైరవి, ఆది. శంకరాభరణం, చాపు. బిలహరి, ఏక. పల్లవి, అనుపల్లవి, చరణాలు. ఈ అచ్చు కర్ణాటక సంగీతానిదని చెప్పక్కర్లేదు. పర్లాకిమిడి ప్రాంతంలో 1803లో పుట్టిన పురుషోత్తమ చౌధరి గారు బెంగాలీ మూలాలున్న బ్రాహ్మణ కుటుంబంలోంచి వచ్చి, 1833లో కటకంలో బాప్తిస్మం తీసుకుని, 1890 దాకా బతికారు. తిరువయ్యారులో త్యాగరాజస్వామి ఇంకా జీవించి ఉన్న రోజుల్లోనే ఆయన క్రైస్తవుడయ్యారు. తాను పెరిగిన సాహిత్యాన్నీ సంగీతాన్నీ గుమ్మం బయట విడిచి రాలేదు. కీర్తన కట్టడం తెలిసిన మనిషి కీర్తనే కట్టారు. ఇప్పటికీ ఆయన పాటలు లేకుండా పాత సంఘాల్లో ఆరాధన గడవదు.

పుస్తకంలో రాగం పేరు ఒకటి, సంఘం నోట్లో వరస ఇంకొకటి కావడం కూడా ఉంది. ఒకే పాట ఒక జిల్లాలో ఒక తీరుగా, పక్క జిల్లాలో మరో తీరుగా వినిపిస్తుంది. దీనికి పండితులు బాధపడతారు. నేను పెద్దగా బాధపడను. నోటి నుంచి నోటికి పోయిన పాటకి అరుగుదల ఉంటుంది, నునుపూ వస్తుంది. కొత్తగా ఒక సంఘానికి వెళ్లిన నాయకుడు, మీరు పాడేది తప్పు, రాగం ఇది కాదు అని మొదటి వారమే దిద్దబోతే ఆ సంఘం నోరు మూసుకుంటుంది. ముందు వాళ్ల వరస నేర్చుకోవాలి.

నోటి నుంచి నోటికి అన్నాను కదా, దాని వెనక పెద్ద చరిత్రే ఉంది. ఇంగ్లండులో వెస్ట్‌మినిస్టర్ సభ తయారుచేసిన ఆరాధన క్రమం 1645లో అమల్లోకి వచ్చింది. అందులో కీర్తనలు పాడటం గురించి ఒక ఏర్పాటు ఉంది. సంఘంలో చదవలేనివారు ఎక్కువగా ఉంటే బోధకుడో, ఆయన నియమించిన మరొకరో కీర్తనని పాదం పాదంగా ముందు చదవాలి, తర్వాత జనం పాడాలి. చదువొచ్చేదాకా తాత్కాలికంగా చేసుకున్న ఏర్పాటు అది. కానీ స్కాట్లండులో అది స్థిరపడిపోయింది. అక్కడ గేలిక్ భాష మాట్లాడే జనం కోసం మొదటి 50 కీర్తనలు 1659లో పద్యాలుగా అచ్చయ్యాయి. వాయవ్యాన సముద్రంలో ఉన్న లూయిస్ దీవిలో ఈనాటికీ కొన్ని సంఘాలు ఆ పద్ధతిలోనే పాడతాయి. వాద్యం లేదు. ప్రిసెంటర్ అనే నాయకుడు పాదాన్ని గబగబా ఒక వరసలో అంటాడు. జనం దాన్ని చాలా నిదానంగా అందుకుంటారు. ఒక్కొక్కరూ తమకి తోచిన గమకం వేసుకుంటూ, ఒకరికొకరు కాస్త ముందూ వెనకా పాడతారు. ఒక్క పాదం ముగియడానికే చాలాసేపు పడుతుంది. అది మొదటిసారి విన్న మన కర్ణాటక సంగీత శ్రోత ఉలిక్కిపడటం ఖాయం, గమకం అంటే ఏమిటో తెలిసిన చెవి కాబట్టి.

అక్కడ ప్రిసెంటర్ గొంతు పాదం మొదట్లో మాత్రమే విడిగా వినబడుతుంది. జనం అందుకున్నాక అది వాళ్లలో కలిసిపోతుంది. తర్వాతి పాదం అందించడానికి మళ్లీ పైకి వస్తుంది.

మన దగ్గర ఈ పద్ధతిని ఎవరూ విదేశాల నుంచి తేవలసిన పని లేకపోయింది. నాట్లు వేసే చోట ఒకామె ఎత్తుకుంటే వరసలో ఉన్నవాళ్లంతా అందుకుంటారు. బుర్రకథలో వంత ఉంది, భజనలో వంత ఉంది. 1878 జులై 3న ఒంగోలు మిషన్ పరిధిలోని వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వారిలో ఎక్కువమంది మాదిగ పల్లెలవాళ్లు, అక్షరం దగ్గరికి రానివ్వని మనుషులు. వాళ్లకి పాటల పుస్తకం పంచిపెడితే ఏం లాభం? పాట చెవిలోంచి నోట్లోకి పోవాల్సిందే. పల్లెకి ఉపదేశి గారు వచ్చి, సాయంత్రం కూలి పనులయ్యాక దీపం పెట్టుకుని, ఒక పాదం తాను అని, జనం చేత అనిపించి, మళ్లీ అనిపించి, తర్వాతి పాదానికి పోయేవారు. తెలుగు పల్లెల్లో సువార్త చాలామటుకు పాటగానే పాకింది. పుస్తకం చదవలేని అవ్వ ఐదారు చరణాల కీర్తనని ఎక్కడా తడబడకుండా పాడటం మనలో చాలామంది చూసే ఉంటారు. ఇవాళ మన చేతిలో పుస్తకం ఉంది, గోడ మీద తెర ఉంది. రెండో చరణం గుర్తుండదు.

ఇప్పుడు నన్ను చాలాకాలంగా తొలుస్తున్న సంగతికి వస్తాను. దావీదు కీర్తనలని మనం ఎక్కువగా చదువుతున్నాం, పాడటం తక్కువ. అయ్యగారు ఒక వచనం, సంఘం ఒక వచనం. అదీ ఎలా? ముందు వరసవాళ్లు వేగంగా, వెనకవాళ్లు సగం వచనం ఆలస్యంగా. దీనికి కారణం ఉంది. మన తెలుగు బైబిలులో కీర్తనలు వచనంలో ఉన్నాయి. గణాలు లేవు, యతి లేదు, పాదాల కొలత లేదు. తాళంలో ఇమడవు. అందుకే మనవాళ్లు ఆ భావాన్ని తీసుకుని విడిగా కీర్తనలు కట్టారు. అది మంచి పనే. కానీ అందువల్ల మూలంలోని మాటలు మాటలుగా పాటలోకి రాలేదు.

వచనాన్ని పాడలేమా? కాకతీయుల కాలంలోనే సింహాచలం నరసింహస్వామి మీద కృష్ణమాచార్యులు వచనాలు చెప్పాడు, పాడుకోవడానికే చెప్పాడు. తెలుగు నాలుకకి వచనగానం కొత్త కాదు. ఆంగ్లికన్ సంఘాలు బైబిలు గద్యాన్ని పాడటానికి ఒక తేలిక పద్ధతి పెట్టుకున్నాయి. హెబ్రీ కవిత్వంలో వచనం సాధారణంగా రెండు ముక్కలుగా ఉంటుంది. మొదటి సగంలో చెప్పినదాన్నే రెండో సగం ఇంకో విధంగా చెబుతుంది, లేదా దానికి జవాబు చెబుతుంది. మొదటి సగంలోని మాటలన్నీ ఒకే స్వరం మీద, మామూలు మాటల వేగంలో నడుస్తాయి. చివరి ఒకటి రెండు మాటల దగ్గర స్వరం కదులుతుంది. అక్కడ ఊపిరి. రెండో సగం మళ్లీ ఒకే స్వరం మీద నడిచి, చివర ఇల్లు చేరుతుంది.

మన స్వరాల్లో చెప్పాలంటే మొదటి సగం పంచమం మీద పోనిచ్చి చివర మధ్యమం, గాంధారం దగ్గర ఆపండి. రెండో సగం గాంధారం మీద పోనిచ్చి రిషభం, షడ్జం దగ్గర దించండి. ప ప ప ప ప, మ, గా. ఊపిరి. గ గ గ గ గ, రి, సా. వచనం పొడుగైతే ఆ ఒక్క స్వరం మీద మాటలు ఎక్కువ పడతాయి, అంతే. శంకరాభరణం స్వరాలతో పాడితే ఉత్సాహంగా ఉంటుంది. గాంధారాన్ని, ధైవతాన్ని, నిషాదాన్ని సాధారణ గాంధారం, శుద్ధ ధైవతం, కైశికి నిషాదంగా మార్చితే నటభైరవి స్వరాలు, అదే వరస విచారంగా వినబడుతుంది. తాళం వేయకండి. తబలా వాయించే తమ్ముడు కాసేపు చేతులు కట్టుకుని కూర్చోవాలి, అది అతనికి కష్టమే.

మొదలుపెట్టడానికి 136వ కీర్తన తీసుకోండి. 26 వచనాలు. ప్రతి వచనంలో రెండో సగం ఒక్కటే మాట, 26 సార్లు అదే. దాన్ని జనం పాడాలనే అలా కట్టారని చూడగానే తెలిసిపోతుంది. నాయకుడు మొదటి సగం అంటాడు, సంఘం రెండో సగం అందుకుంటుంది. పుస్తకం అక్కర్లేదు, తెర అక్కర్లేదు. మూడో వచనానికల్లా పిల్లలు కూడా పాడేస్తారు. పదో వచనం దగ్గర విసుగు పుట్టొచ్చు. ఆగకండి. ఇరవయ్యో వచనం దగ్గరికి ఆ విసుగు పోయి వేరే ఏదో వస్తుంది. 119వ కీర్తన జోలికి మాత్రం ఒకేసారి పోకండి, దానికి 176 వచనాలు.

కీర్తనల్లో ఎంతో భాగం ఏడుపు. దేవా ఎక్కడున్నావు, ఎంతకాలం ఇలా అని నిలదీసేవి. 88వ కీర్తన అయితే చివరికి కూడా వెలుగు చూడదు, చీకటి దగ్గరే ఆగిపోతుంది. ఇవాళ మన ఆరాధనల్లో వినబడే కొత్త పాటల్లో జయం ఎక్కువ, ఆనందం ఎక్కువ, చప్పట్లు ఎక్కువ. వాటిని నేను తక్కువ చేయడం లేదు. కానీ ఆ వారమే ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్లూ, పంట పోయినవాళ్లూ, ఆస్పత్రి నుంచి నేరుగా వచ్చినవాళ్లూ అదే వరసల్లో కూర్చుని ఉంటారు. అరగంటసేపు వరసగా చప్పట్ల పాటలే పెడితే వాళ్లకి పాడటానికి ఏముంది? ముఖారిలోనో, ఆనందభైరవిలోనో ఒక పాత కీర్తన మధ్యలో నిదానంగా ఎత్తుకుంటే వాళ్ల గొంతు కూడా ఆరాధనలోకి వస్తుంది. భూస్థాపన దగ్గర మైకు ఉండదు, కీబోర్డు ఉండదు. అక్కడ జనానికి నోటికి వచ్చిన పాటలే పనికొస్తాయి. ఆదివారాల్లో వాళ్ల నోటికి మనం ఏం అందించామో అక్కడ బయటపడుతుంది.

మైకు మాట వచ్చింది కాబట్టి, మైకు ముందు కూర్చుని మైకుని విమర్శిస్తున్నాను, శ్రోతలు మన్నించాలి. నేను ఎంత మాట్లాడినా మీరు అందుకునే వీలు లేదు. రేడియో స్వభావమే అది. చర్చికి ఆ ఇబ్బంది లేదు, అయినా మనం తెచ్చిపెట్టుకుంటున్నాం. స్పీకర్లలో నాయకుడి గొంతు, కీబోర్డు, ప్యాడ్స్ ఎంత బిగ్గరగా ఉంటాయంటే, పక్కమనిషి పాడుతున్నదీ లేనిదీ తెలియదు. తన గొంతు తనకే వినబడని మనిషి కాసేపటికి పాడటం మానేస్తాడు. చరణానికీ చరణానికీ మధ్య సినిమా పాటలోలా పెద్ద మ్యూజిక్ బిట్ వేస్తారు. మళ్లీ ఎక్కడ అందుకోవాలో వాయించేవాళ్లకి తెలుసు, జనానికి తెలియదు. తాళం ఒక ఆవర్తనం చాలు. ఆ ఒక్క ఆవర్తనమే ప్రతిసారీ ఉంటే ముసలివాళ్లు కూడా సరిగ్గా అందుకుంటారు. ఇక పల్లవి రెండోసారి వచ్చినప్పుడు నాయకుడు మైకుకి ఒక అడుగు వెనక్కి జరిగి, ఒక పాదం పాడకుండా వినాలి. సంఘం పాడుతుంటే పని జరుగుతోంది. పాట ఆగిపోతే ఎక్కడో శృతో వేగమో తప్పింది, తర్వాతి చరణంలో దిద్దుకోవచ్చు.

వాద్యాల్లో నా ఓటు ఇప్పటికీ హార్మోనియానికే. ఇక్కడ ఒక తమాషా చెప్పాలి. ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా హార్మోనియాన్ని గడప తొక్కనివ్వలేదు. మెట్టు నుంచి మెట్టుకి జారలేదు, గమకం పలకదు, మన స్వరస్థానాలకి దాని మెట్లు సరిపోవు అన్నది ఫిర్యాదు. కచేరీ సంగీతానికి ఆ ఫిర్యాదు సబబే. సంఘగానానికి మాత్రం ఆ లోపమే మేలు చేసింది. పెద్దగా గమకం వేయని పెట్టె పక్కన ఉంటే నాయకుడు కూడా సంగతుల మీద సంగతులు వేయడు, జనం స్వరాన్ని గట్టిగా పట్టుకుంటారు. పైగా తిత్తి ఊదుతూ వాయించాలి కాబట్టి అది మనిషి ఊపిరి వేగాన్ని మించి పోదు.

సంగతుల గురించి తొలినాటి క్రైస్తవ పండితుడు అగస్టీనుకి కూడా బెంగ ఉండేది. 386 ప్రాంతంలో మిలాను నగరంలో ఆంబ్రోసు బిషప్పుగా ఉన్న రోజుల్లో, తూర్పు సంఘాల తీరున అక్కడ జనం కీర్తనలు పాడటం మొదలుపెట్టారు. ఆ పాటలు విని అగస్టీను కన్నీళ్లు పెట్టుకున్నాడు. తర్వాత తన ఒప్పుకోలు గ్రంథంలో, పాటలోని అర్థం కన్నా పాడే గొంతు తనని ఎక్కువ కదిలించినప్పుడు అది తన తప్పేనని రాసుకున్నాడు. అంత కఠినంగా ఉండనక్కర్లేదని ఆయనే మరో పక్క నుంచి వాదించుకున్నాడు కూడా. పాడేవాళ్లూ ఈ తగవు తమలో తాము పడటం మంచిది. చరణం చివర అందంగా వచ్చిన ఒక సంగతి దగ్గర సంఘం ఆగి మనల్ని వింటోందంటే, ఆ క్షణం వాళ్లు పాడటం లేదు.

కొత్త పాట ఎలా నేర్పాలని చాలామంది నాయకులు అడుగుతుంటారు. 1537లో జెనీవా సంఘానికి సంస్కర్త కాల్విన్, ఆయన తోటివారు కలిసి రాసిన ప్రతిపాదనల్లో ఒక ఉపాయం ఉంది. ముందు పిల్లలకి నేర్పండి. వాళ్లు ఆరాధనలో గొంతెత్తి స్పష్టంగా పాడతారు. పెద్దలు శ్రద్ధగా వింటారు. మెల్లమెల్లగా అలవాటై అందరూ కలుస్తారు. ఆ తర్వాత పాతికేళ్లకి, 1562లో, 150 కీర్తనలూ పాటలుగా జెనీవాలో అచ్చయ్యాయి. మనకి ప్రతి సంఘంలో ఆదివారం బడి ఉంది. నెలకి ఒక్క పాట చాలు. మొదటి వారం పిల్లలు పాడాలి. రెండో వారం పిల్లలు చరణం, సంఘం పల్లవి. మూడో వారం అందరూ, వాద్యాలతో. నాలుగో వారం అందరూ, వాద్యాలు ఆపేసి. ఆ నాలుగో వారం వాద్యం లేకుండా పాట నిలబడితే ఇంకో పాటకి వెళ్లండి, నిలబడకపోతే అదే పాట ఇంకో నెల.